‘ఫేమ్’ అంటే ఎప్పుడూ కీర్తేనా? చేపల పులుసుకు కీర్తి ఉండదు కదా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒక విదేశీ చిత్రకారుడి జీవితచరిత్రను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నారు. ‘ఫేమ్’ అన్న మాట కనబడ్డ ప్రతిచోటా ‘కీర్తి’ అని పెట్టారు. ప్రచురణకర్త అందులో సగం చోట్ల ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపారు. నిఘంటువు తెరిస్తే కీర్తి, యశస్సు, ఖ్యాతి, ప్రసిద్ధి, ప్రతిష్ఠ, పేరు అని వరసగా ఉన్నాయి గానీ ఏది ఎక్కడ వాడాలో అందులో లేదు. తేడా చెప్పమని అడుగుతూ, తేలని ఐదు వాక్యాలు కూడా జతచేశారు. వాటి దగ్గరకు చివర్లో వస్తాను.

ముందే చెబుతున్నాను, నేను పండితుణ్ణి కాను. నెల్లూరు అచ్చాఫీసుల్లో ముప్పై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి. పెళ్ళి శుభలేఖలు, ఉత్తరక్రియల కార్డులు, సన్మాన పత్రాలు, ఎన్నికల కరపత్రాలు, అప్పుడప్పుడూ ఒక పద్యకావ్యం నా బల్ల మీదుగా వెళ్ళేవి. కాబట్టి పొగడ్త మాటల విషయంలో నా చదువు గ్రంథాలయంలో కన్నా సీసపు అక్షరాల దగ్గరే ఎక్కువ సాగింది.

ఒక చిన్న పరీక్షతో మొదలుపెడదాం. ‘నెల్లూరు చేపల పులుసు కీర్తి గడించింది’ అని పైకి చదివి చూడండి. నవ్వు వస్తుంది. ‘చేపల పులుసుకు నెల్లూరు ప్రసిద్ధి’ అంటే నవ్వు రాదు. వెంకటగిరి చీరలు, ఉదయగిరి చెక్క చెంచాలు, ఒకప్పటి మొలగొలుకుల బియ్యం అన్నీ ప్రసిద్ధమైనవే. పేరున్నవే. వాటికి కీర్తి మాత్రం లేదు. ఎందుకంటే కీర్తికి వెనకాల ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి చేసిన పని ఉండాలి, ఆ పని మంచిదై ఉండాలి. మామిడికాయ ముక్కలు వేసిన పులుసు మర్నాటికి మరింత రుచిగా ఉండటం దాని స్వభావం, అది చేసిన ఘనకార్యం కాదు. ఆ పులుసును పుట్టించిన ఇల్లాలెవరో తెలిసి ఉంటే ఆమెకు కీర్తి దక్కేది. తెలియదు కాబట్టి పేరంతా ఊరి ఖాతాలో పడింది.

మీ ప్రచురణకర్త సున్నా చుట్టిన చోట్లలో కొన్ని ఇలాంటివే అయి ఉంటాయని నా అనుమానం. పట్టణానికీ పానీయానికీ కీర్తి కట్టబెట్టి ఉంటారు.

ఇక అసలు సంగతి. ఈ మాటలన్నీ పుట్టుకలో నోటికి, చెవికి సంబంధించినవి. ‘కీర్తి’, ‘కీర్తన’ ఒకే ధాతువు బిడ్డలు, చెప్పడం, ఎత్తి పలకడం దాని అర్థం. ‘ఖ్యాతి’లో ఉన్నదే ‘వ్యాఖ్య’లోనూ ‘ఆఖ్యానం’లోనూ ఉంది, అదీ చెప్పడమే. ‘విశ్రుతుడు’ అంటే బాగా వినబడ్డవాడు. అమరకోశం ‘యశః కీర్తిః సమజ్ఞా చ’ అంటూ కీర్తి పర్యాయాలు చెప్పి, అదే పంక్తిలో ఆగకుండా స్తవం, స్తోత్రం, స్తుతి, నుతి అని పొగడ్త మాటల్లోకి వెళ్ళిపోతుంది. ఆ శ్లోకం ఉన్నది శబ్దాదివర్గంలో, అంటే మాటలకూ చప్పుళ్ళకూ కేటాయించిన చోట. అమరసింహుడి లెక్కలో కీర్తి సంపదల పక్కన లేదు, గుణాల పక్కనా లేదు. జనం నోట్లో ఉంది. మనవాళ్ళు ఇప్పటికీ ‘ఆ పాట జనం నోళ్ళలో నానుతోంది’ అంటారు కదా, అదే చూపు.

అందుకే మాట ఎంచుకునే ముందు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇక్కడ చెప్పుకుంటున్నది ఎవరు? ఇంట్లోవాళ్ళా, వీధిలోవాళ్ళా, సభలో మైకు పట్టుకున్నవాళ్ళా, వందేళ్ళ తర్వాతివాళ్ళా? అది తేలితే మాట దానంతట అదే దొరుకుతుంది.

‘పేరు’ దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే మీ పుస్తకంలో సగం చోట్ల పని చేసేది ఇదే. పండితులు చిన్నచూపు చూస్తారు గానీ దీనికున్నంత విస్తారం ఏ సంస్కృత పదానికీ లేదు. సొంత మాట, పాత మాట. తమిళంలో పేర్, కన్నడంలో హెసరు దీని తోబుట్టువులే, అక్కడా పిలిచే పేరూ మంచి పేరూ ఒకటే మాట. మనకు పేరు వస్తుంది, పేరు తెచ్చుకుంటాం, తండ్రి పేరు నిలబెడతాం, చెడగొడతాం, పోగొట్టుకుంటాం. కొత్తగా వచ్చిన వైద్యుడికి ‘హస్తవాసి మంచిదని పేరు పడింది’ అంటాం. అక్కడ ‘కీర్తి కలిగింది’ అంటే ఆ వైద్యుడే మనల్ని వింతగా చూస్తాడు. మళ్ళీ ఇదే మాట బొత్తిగా తిరగబడి ‘పేరుకు అధ్యక్షుడు, పెత్తనమంతా బావమరిదిది’ అన్నచోట ఒట్టి డొల్లతనానికి గుర్తవుతుంది. ‘పేరు పెట్టడానికి లేదు’ అంటే వంక పెట్టడానికి లేదని. ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ అన్నా, ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు’ అన్నా, పేరుకూ వస్తువుకూ మధ్య ఎడం ఉంటుందని ఈ భాషకు ముందే తెలుసు. ‘కీర్తి గొప్ప ఊరు దిబ్బ’ అన్న సామెత పుట్టలేదు. కీర్తి అన్నాక అది అబద్ధం కావడానికి వీల్లేదని మన నమ్మకం.

‘పేరుమోసిన’ అన్నదాని సంగతి వేరు. పేరుమోసిన వకీలు, పేరుమోసిన దొంగ, ఇద్దరికీ చెల్లుతుంది. మంచీ చెడూ పక్కన పెట్టి, అందరికీ తెలిసినవాడు అని మాత్రమే చెప్పాలంటే దీన్ని మించింది లేదు. ‘పేరెన్నికగన్న’ అలా కాదు, అది మంచికే. గొప్పవాళ్ళ పేర్లు లెక్కపెడుతుంటే ఆ లెక్కలోకి వచ్చిన పేరు అని. ఎన్నిక అంటే అప్పట్లో లెక్కించడం, గౌరవించడం. తర్వాతి కాలంలో ఎన్నికల కరపత్రాల్లో ఈ మాటను నేను కొన్ని వందల సార్లు దిద్దాను, ఓడిపోయినవాళ్ళ కరపత్రాల్లో కూడా.

‘వాసికెక్కిన’ అన్న మాటను కూడా మరిచిపోకండి. ‘రాశి కన్నా వాసి’ అంటాం చూడండి, ఆ వాసే. నాణ్యం వల్ల వచ్చిన పేరు. చిత్రకారుడి పుస్తకంలో కుంచెలు చేసేవాడి గురించో రంగులు నూరేవాడి గురించో చెప్పేటప్పుడు దీన్ని వాడితే వాక్యం ఒక్కసారిగా తెలుగైపోతుంది.

సంస్కృతం వైపు వస్తే కీర్తికీ యశస్సుకూ పాత వ్యాఖ్యాతలు ఒక గీత గీశారు. దానం వంటివాటితో వచ్చేది కీర్తి, శౌర్యం వంటివాటితో వచ్చేది యశస్సు అని. గీత బాగానే ఉంది గానీ తెలుగు వాడుక దాన్ని పట్టించుకోలేదు. మనకు యశస్సు పద్యంలోనూ ఆశీర్వచనంలోనూ పేర్లలోనూ మిగిలింది. వచనంలో దాన్ని దించితే పట్టుపంచె కట్టుకుని బజారుకు వెళ్ళినట్టుంటుంది. పోతన గారి బలిచక్రవర్తి శుక్రాచార్యుడితో చెప్పే పద్యంలో పేరూ యశస్సూ రెండూ ఉన్నాయి, గమనించారా? రాజ్యాలేలి గర్వించిన రాజుల గురించి ‘భూమిపై పేరైనం గలదే’ అంటాడు. శిబి వంటి దాతల దగ్గరకు వచ్చేసరికి ‘యశఃకాములై’ అంటాడు. మాయమైపోయేది పేరు, కోరదగ్గది యశస్సు. పక్కపక్కనే పెట్టి తూకం వేశాడు. మీరు ఆ స్థాయిలో అనువదించనక్కరలేదు గానీ, ఒకే పేరాలో రెండు రకాల ‘ఫేమ్’ వచ్చినప్పుడు రెండు వేరువేరు మాటలు పెట్టవచ్చునని ధైర్యం ఇవ్వడానికి చెబుతున్నాను.

మన కవులకు కీర్తి తెల్లగా ఉంటుంది. ఇది కవిసమయం, అంటే కవులందరూ ఒప్పుకుని వాడే ఊహ. వెన్నెల, మల్లెలు, హంసలు, పాలనురుగు, ఏది తెల్లగా ఉంటే దానితో పోలుస్తారు. అపకీర్తి నలుపు. ‘ధవళకీర్తి’, ‘కీర్తిచంద్రికలు’ అందులోంచి వచ్చినవే. సన్మాన పత్రాలు రాసేవాళ్ళు ఈ గోదాములోంచే సరుకు దించేవారు. ఒకసారి సన్మానం చేయించుకునే పెద్దమనిషి ప్రూఫు చదువుకుని, ‘దిగంతాలు తెల్లబోయేలా’ అన్న చోట వేలు పెట్టి ‘తెల్లబోవడం అంటే బిత్తరపోవడం కదా, ఇది పొగిడినట్టా తిట్టినట్టా?’ అని అడిగాడు. ఆయన అనుమానంలో న్యాయం ఉంది. పద్యంలో వెన్నెల కాసిన మాట వచనంలోకి వచ్చేసరికి మొహం వేలాడేసింది.

ఇప్పుడు ‘కీర్తిశేషులు’. ఈ మాట నాకు ఒక రోజు జీతం ఖరీదు చేసింది. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్ తరచూ వచ్చే మాటలను ప్రతిసారీ అక్షరం అక్షరం ఏరకుండా, ముందే పేర్చి దారంతో చుట్టి అక్షరాలుండే కేసు పక్కన పెట్టుకునేవాడు. ‘చి.’, ‘చి.ల.సౌ.’, ‘శ్రీమతి’, ‘కీ.శే.’ అలా చిన్న చిన్న కట్టలుగా ఉండేవి. పెళ్ళిళ్ళ కాలం, రాత్రి పదకొండు, కరెంటు వస్తూ పోతూ ఉంది. కోవూరు వైపు నుంచి వచ్చిన ఒక శుభలేఖలో వరుడి తాతగారి పేరుకు ముందు ‘శ్రీ’ ఉండాల్సిన చోట ‘కీ.శే.’ కట్ట చేరింది. ప్రూఫు చూసింది నేను. నా కళ్ళకు అది పట్టలేదు. రెండు వందల కార్డులు అచ్చయి వెళ్ళిపోయాయి.

మూడో రోజు పొద్దున ఆ తాతగారే సైకిలు మీద వచ్చారు. చొక్కా జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఎంతో నెమ్మదిగా అన్నారు: ‘అయ్యా, కీర్తి నేను సంపాదించలేదు. శేషం ఇంకా కాలేదు. ఒక్క మాటలో రెండు తప్పులు వేశారే!’

వ్యాకరణం ఆయన చెప్పిందే. కీర్తి ఒక్కటే శేషంగా, అంటే మిగులుగా ఉన్నవాడు కీర్తిశేషుడు. మనిషి పోయాడు, అతని గురించి చెప్పుకునే మాట మిగిలింది. ‘యశఃకాయుడు’ కూడా అలాంటిదే, యశస్సే ఒళ్ళుగా బతికేవాడు. ఇంగ్లీషులో ‘లేట్’ అన్న మాటలో ఈ మిగులు లేదు. మీ చిత్రకారుడి తండ్రి పేరుకు ముందు ‘లేట్’ ఉన్న చోట ‘కీర్తిశేషులు’ అని పెట్టారని రాశారు. ఆ తండ్రి కొడుకును కొట్టి ఇంట్లోంచి వెళ్ళగొట్టినవాడని కూడా మీరే రాశారు. అక్కడ ‘చనిపోయిన తండ్రి’ అని సరిపెట్టండి. మన శుభలేఖల్లో మర్యాద కోసం ఎవరికైనా వేస్తాం, పుస్తకంలో మాట తన బరువు తాను మోస్తుంది.

సభల కరపత్రాల గురించి రెండు ముక్కలు. నేను పనిలో చేరిన కొత్తల్లో వక్త పేరుకు ముందు ‘శ్రీ’ చాలేది. తర్వాత ‘ప్రముఖ’ వచ్చింది. ప్రముఖులు ఎక్కువయ్యాక ‘ప్రసిద్ధ’, అదీ చాలక ‘సుప్రసిద్ధ’, ఆపైన ‘లబ్ధప్రతిష్ఠ’. ఒకే కరపత్రంలో ఐదుగురు సుప్రసిద్ధులుంటే నేను నాలుగు కొట్టేశాను. నిర్వాహకుడు పరుగున వచ్చి, ‘మాస్టారూ, మిగిలిన నలుగురూ సభకు రారు’ అన్నాడు. మళ్ళీ పెట్టాను. నిజంగా ప్రసిద్ధుడైనవాడికి ఆ మాట తగిలించనక్కరలేదు. తిక్కన పేరు ముందు ‘సుప్రసిద్ధ కవి’ అని రాసినవాడు తిక్కనను తగ్గించినట్టే. మీ పుస్తకంలో జగమెరిగిన చిత్రకారుల పేర్లకు ముందు ‘ఫేమస్’ అని ఉన్నచోట నిస్సంకోచంగా వదిలేయండి, మూలానికి ద్రోహమేమీ జరగదు.

‘ప్రతిష్ఠ’ నిలబడటానికి సంబంధించిన మాట. గుడిలో విగ్రహాన్ని ప్రతిష్ఠిస్తారు చూడండి, అదే. కాబట్టి కదలకుండా ఒకచోట పాతుకున్న గౌరవానికి వాడాలి, కుటుంబానికో విద్యాసంస్థకో బాగా నప్పుతుంది. కీర్తి వ్యాపిస్తుంది, ప్రతిష్ఠ నిలుస్తుంది, దెబ్బ తగిలితే దిగజారుతుంది. ‘పరువు’ అంతకన్నా ఇంటికి దగ్గర. నలుగురిలో తల ఎత్తుకోగలగడం పరువు. అది అందరికీ ఉంటుంది, లేదా పోతుంది, సంపాదించేది కాదు. ‘డిఫేమ్’ అన్న ఇంగ్లీషు మాటలో ‘ఫేమ్’ ఉన్నా, మనం ‘కీర్తి నష్టం దావా’ అనలేదు, ‘పరువు నష్టం దావా’ అన్నాం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను కింద ఉన్నది అదే. ఏ కీర్తీ లేని కూలీకి కూడా పరువు ఉంటుంది, చట్టం కాపాడేది దాన్ని. తెలుగు ఇక్కడ ఇంగ్లీషు కన్నా తెలివిగా ప్రవర్తించిందని నాకు అనిపిస్తుంది.

ఇంకో రెండు మాటలు నాకు ప్రీతిపాత్రమైనవి. ఒకటి ‘పరపతి’. పల్లెల్లో ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం బోర్డు చూసే ఉంటారు, అక్కడ పరపతి అంటే అప్పు పుట్టడం. ‘కలెక్టరాఫీసులో ఆయనకు పరపతి ఉంది’ అన్నప్పుడు మాట చెల్లడం. రెండు చోట్లా సంగతి ఒకటే, ఎదుటివాళ్ళు మనల్ని నమ్మి ఎంతవరకు ఇస్తారు అన్నది. రెండోది ‘పలుకుబడి’. ఒక ప్రాంతపు మాటతీరూ పలుకుబడే, ఒక మనిషి మాటకున్న విలువా పలుకుబడే. ఇవి ‘ఫేమ్’ కావు, కానీ మీ పుస్తకంలో చిత్రకారుడు తన ‘ఫేమ్’ ఉపయోగించి స్నేహితుడికి ఉద్యోగం ఇప్పించాడని ఉంటే అక్కడ కావలసింది ‘పలుకుబడి’.

జంటపదాల విషయంలో ఒక జాగ్రత్త. పేరుప్రఖ్యాతులు, కీర్తిప్రతిష్ఠలు, పరువుప్రతిష్ఠలు, పరువుమర్యాదలు, వన్నెవాసులు. తెలుగువాడికి ఒక్క మాటతో ఆశ తీరదు. కానీ ఈ జంటలు ఎప్పుడో కుదిరిపోయిన పెళ్ళిళ్ళు. ‘పరువుప్రఖ్యాతులు’ అనలేం, ‘కీర్తిమర్యాదలు’ అనలేం. వ్యతిరేకార్థాల్లోనూ ఇంతే. అపకీర్తి, అపఖ్యాతి, అప్రతిష్ఠ, చెడ్డపేరు మనవి. ‘కుఖ్యాతి’ హిందీవాళ్ళదీ కన్నడిగులదీ, మీరు దాన్ని రెండుసార్లు వాడారు, తీసేయండి.

మా ప్రాంతం నుంచి ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. ఒంగోలు గిత్త మీకు తెలుసు, మూపురం, తెల్లటి ఒళ్ళు, బండలాగుడు పోటీల్లో గెలిస్తే ఊరేగింపు. ఆ జాతి పశువులు సముద్రం దాటి బ్రెజిల్ వెళ్ళాయి. ఇవాళ ఆ దేశపు పశుసంపదలో అధిక భాగం ఆ జాతీ దాని సంకరాలే. అయితే అక్కడ వాటి పేరు ఒంగోలు కాదు, ‘నెలోర్’. మన నెల్లూరే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. పశువులు ఒంగోలువి, పేరు నెల్లూరిది. ఒంగోలులో ఉన్న మా వియ్యంకుడు గారు ఈ విషయం ఎత్తితే ఇప్పటికీ అన్నం ముందు నుంచి లేచిపోతారు. ‘ఖ్యాతి మాది, పేరు మీది’ అని ఆయన ఫిర్యాదు. చూశారా, కోపంలో కూడా మాటలు ఎంత సరిగ్గా పడ్డాయో!

జిల్లా పేర్లు కూడా ఇలాంటివే. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడ్డది, రెండేళ్ళకు ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకుంది. 1952లో మద్రాసులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములు గారి పేరు 2008లో నెల్లూరు జిల్లాకు చేరింది. కాగితాల మీద పూర్తి పేరు రాస్తాం, బస్సు బోర్డు మీద మాత్రం ‘నెల్లూరు’ అనే ఉంటుంది. ‘అమరజీవి’, ‘ఆంధ్రకేసరి’ అన్న బిరుదులు మాత్రం ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేకుండానే జనం నోట నిలిచాయి. మీ మూలంలో ఒకరి పేరును వీధికో భవనానికో పెట్టడం వస్తే, అది ‘స్మారకం’, కీర్తి అని అనువదించవద్దు.

పేరు వదులుకున్నవాడి కథ కూడా మా వైపే ఉంది. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన, నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు. తన ప్రభువుకు అంకితమివ్వలేదు. నన్నయ కృతిపతి అయిన రాజరాజనరేంద్రుడినే కృతిపతిగా ఉంచాడు. నన్నయ ధోరణి తోచేలా, ఆయన రచనే అన్నట్టుగా రాశాడు. అతుకు ఎక్కడుందో తెలియకూడదన్నది ఆయన పట్టుదల. అలాంటివాడికి దక్కినది ఏమిటని అడిగితే నేను ‘ఖ్యాతి’ అనను, ‘ప్రసిద్ధి’ అనను. అక్కడ మాత్రం ‘కీర్తి’ అంటాను, పూర్తి బరువుతో. ఆ మాటను అలాంటి చోటుకు దాచుకోండి. ప్రతి పేజీలో ఖర్చు చేస్తే ఎర్రన దగ్గరకు వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు.

ఇంగ్లీషు మాట గురించి కూడా కొంచెం తెలుసుకుంటే మేలు. ‘ఫేమ్’ లాటిన్ ‘ఫామా’ నుంచి వచ్చింది, దాని మూలం మాట్లాడటం. అక్కడా నోరే. లాటిన్‌లో ఫామా అంటే కబురు, పుకారు, పేరు అన్నీ. రోమన్ కవి వర్జిల్ ఫామాను ఒక భూతంగా చిత్రించాడు. ఒంటినిండా ఈకలు, ఈక ఈకకూ కింద ఒక కన్ను, ఒక నాలుక, ఒక చెవి. మొదట చిన్నగా ఉండి నడిచేకొద్దీ పెరిగి తల మబ్బుల్లో పెట్టుకుంటుంది. మన ‘గోరంతలు కొండంతలు’ అన్నమాట. ఇంగ్లీషులో ‘ఫేమ్’కు ఒకప్పుడు ఈ కబురు అన్న అర్థం ఉండేది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో యోసేపు అన్నదమ్ములు వచ్చిన సంగతి ఫరో ఇంట్లో తెలిసినప్పుడు వాడిన మాట ఇదే. పాత పుస్తకాల్లో ఇది తగిలితే ‘కబురు’, ‘వార్త’ అనాలి. ‘ఇల్ ఫేమ్’ ఉన్న ఇల్లు అంటే చెడ్డపేరున్న ఇల్లు కాదు, వ్యభిచార గృహం. లాటిన్‌లో ఆకలికి ‘ఫామెస్’ అని ఇంకో మాట ఉంది. రెండింటికీ చుట్టరికం లేదు. లేకపోయినా, కీర్తి కండూతి పట్టినవాళ్ళను చూస్తే ఉంటే బాగుండేదనిపిస్తుంది. మనం దాన్ని ఆకలి అనలేదు, దురద అన్నాం. గోకేకొద్దీ పెరుగుతుంది కాబట్టి మనదే సరైన పోలిక.

‘ఫేమ్’ మన భాషలోకి తిన్నగా దిగిన చోటు కూడా ఉంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో బట్టల దుకాణం తెరిచినప్పుడల్లా ఫ్లెక్సీ మీద ఒక నటి బొమ్మ, కింద ఫలానా సీరియల్ ‘ఫేమ్’ అని. అక్కడ దాని పని ఒక్కటే, ఈమెను మీరు ఎక్కడ చూశారో గుర్తుచేయడం. కీర్తికి దానితో సంబంధం లేదు. ఇంకోటి, పత్రికల్లో ‘ఫేమ్ పథకం’ అని వచ్చేది. 2015లో మొదలై 2019లో రెండో దశకు వెళ్ళి 2024లో ముగిసిన విద్యుత్ వాహనాల ప్రోత్సాహక పథకం అది, కొన్ని ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు. దాన్ని ‘కీర్తి పథకం’ అని తెలుగు చేసిన ఒక కాగితం నా చేతికి వచ్చింది. బ్యాటరీ స్కూటరు కొంటే యశస్సు వస్తుందేమోనని ఒక క్షణం ఆలోచించాను.

ఇక మీ వాక్యాలు.

మొదటిది, వంటింట్లో తల్లి అడిగే ప్రశ్న: ‘నీకు ఫేమ్ కావాలా, అన్నం కావాలా?’ తల్లి మాట్లాడుతోంది, పక్కన పొయ్యి ఉంది. ‘పేరు కావాలా, అన్నం కావాలా?’ ఇంకేమీ ఆలోచించవద్దు.

రెండోది, అతని చిత్రాల ‘ఫేమ్’ దేశాలు దాటిందన్న వాక్యం. చెప్పుకుంటున్నది పత్రికలు, విమర్శకులు, దూరదేశాలవాళ్ళు. ‘ఖ్యాతి’ సరిపోతుంది, ‘అతని ఖ్యాతి ఎల్లలు దాటింది’. ఖండాంతర ఖ్యాతి అన్న మాట పత్రికల్లో అరిగిపోయింది గానీ తప్పు కాదు.

మూడోది, జున్నుకు ‘ఫేమస్’ అయిన పట్టణం. చేపల పులుసు పరీక్ష పెట్టుకోండి.

నాలుగోది, దొంగ సంతకాల బొమ్మలు అమ్మిన దళారి. ‘అపఖ్యాతి పాలైన’ అంటే ఒకప్పుడు మంచివాడు తర్వాత చెడ్డాడన్న అర్థం వస్తుంది. ఇతను మొదటి నుంచీ అంతే కాబట్టి ‘దొంగ బొమ్మలకు పేరుమోసిన దళారి’ అనండి.

ఐదోది నాకు తేలలేదు. ‘ఫేమ్ ఆలస్యంగా వచ్చింది’ అన్న ఒక్క ముక్కే పంపారు. సమాధి దగ్గర కొడుకు అనుకుంటున్న మాటైతే ‘పేరు ఆలస్యంగా వచ్చింది’ అనాలి. చిత్రాల వేలంలో ఎవరో అంటున్నదైతే ‘గుర్తింపు’ అనాలి, ఎందుకంటే అక్కడ వచ్చింది ధర. రచయితే చివరి పేజీలో తీర్పుగా చెబుతుంటే ‘కీర్తి’ అనవచ్చు. దానికి ముందున్న పేరా కూడా పంపండి, చూసి చెబుతాను.